ఫోన్ ఎక్స్‌ట్రాక్షన్ రిపోర్టులో ఉన్న టైమ్‌ని ఉన్నదున్నట్టు నమ్మొచ్చా? సాఫ్ట్‌వేర్ చెప్పిందంటే కోర్టులో అయిపోయినట్టేనా?

గుంటూరు_జూనియర్

అందరికీ నమస్తే. నేను క్రిమినల్ సైడ్ ప్రాక్టీసులో కొత్తవాణ్ణి, కంప్యూటర్ల గురించి అందరికీ తెలిసినంతే తెలుసు. మా ఆఫీసులో ఒక చీటింగ్ కేసు ఉంది, వివరాలు కొంచెం మార్చి రాస్తున్నాను. ఆన్‌లైన్ ట్రేడింగ్ పేరుతో జనం దగ్గర డబ్బులు వేయించుకున్నారని కేసు. మా క్లయింటు ఏ3, అంటే మూడో ముద్దాయి. అతని బ్యాంకు ఖాతాలోకి డబ్బు వచ్చింది, ఏటీఎంలో డ్రా అయింది. ఛార్జిషీటు కథ ఏంటంటే మార్చి 12న రాత్రి 7:20కి ఏటీఎంలో డబ్బు తీశారు, సరిగ్గా 20 నిమిషాలకు, 7:40కి మా క్లయింటు ఏ1కి వాట్సాప్‌లో "తీసేశాను, రేపు ఇస్తా" అని మెసేజ్ పెట్టాడు, కాబట్టి తీసింది అతనే. ఏటీఎం కెమెరాలో మనిషి హెల్మెట్ పెట్టుకుని ఉన్నాడు, ముఖం కనపడదు. అంటే ఈ మెసేజ్ ఒక్కటే మొత్తం కేసుని పట్టుకుని ఉంది.

క్లయింటేమో ఆ సాయంత్రం రెండు నుంచి పది దాకా ఫ్యాక్టరీలో షిఫ్టులో ఉన్నానని, ఫోన్ గేటు దగ్గర లాకర్లో పెట్టాల్సిందేనని అంటున్నాడు. బయోమెట్రిక్ అటెండెన్స్ కూడా ఉంది.

ఫోన్లోని డేటా బయటికి తీసి ఎఫ్ఎస్ఎల్ (ప్రభుత్వ ఫోరెన్సిక్ ల్యాబ్) ఇచ్చిన రిపోర్టు ఒక పెద్ద ప్రింటవుట్ కట్ట, ఒక పెన్‌డ్రైవ్. మెసేజ్ ఉన్న లైను ఇలా ఉంది:

12/03 19:40:12 (యూటీసీ+0) | ఫ్రమ్: ఏ3 నంబరు | స్టేటస్: సెంట్ | డిలీటెడ్: యెస్

మా సీనియర్ గారు "అది మెషిన్ ఇచ్చిన రిపోర్టు, దాన్ని పట్టుకుని ఏం క్రాస్ చేస్తాం, సర్టిఫికెట్ మీద కొడదాం" అంటున్నారు. నాకు మనసు ఒప్పుకోవట్లేదు. ఒక మనిషి జైలుకి వెళ్లాలా వద్దా అనేది ఒక సాఫ్ట్‌వేర్ ప్రింట్ చేసిన లైను మీద ఆధారపడితే, ఆ సాఫ్ట్‌వేర్ ఏం చేసిందో అడిగే హక్కు మాకుండదా? ఆ డిలీటెడ్ అన్న మాటను పీపీ (ప్రభుత్వ లాయరు) గారు "సాక్ష్యం మాయం చేశాడు" అని వాడుకుంటారేమో అని ఇంకో టెన్షన్. ఎఫ్ఐఆర్ 2024 జులై తర్వాతదే, కొత్త చట్టాలే వర్తిస్తాయి. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

నాంపల్లి_అడ్వకేట్

ముందు సర్టిఫికెట్ సంగతి తేల్చేద్దాం తమ్ముడూ, ఎందుకంటే మనవాళ్లు చాలామంది అక్కడే మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు.

పార్లమెంటు మీద దాడి కేసులో, 2005లో, 65బి సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డు కాపీ ఎలా తీశారో ధృవీకరిస్తూ పాత సాక్ష్య చట్టం 65బి కింద ఇచ్చే కాగితం) లేకపోయినా ఎలక్ట్రానిక్ రికార్డుని వేరే సెక్షన్ల కింద తీసుకోవచ్చని సుప్రీంకోర్టు అంది. 2014లో అన్వర్ పి.వి. కేసులో ముగ్గురు జడ్జిల బెంచి అది కుదరదు, సర్టిఫికెట్ ఉండాల్సిందే అంది. 2018లో షఫీ మహమ్మద్ కేసులో మళ్లీ కొంచెం సడలించారు. చివరికి 2020 జులై 14న అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ తీర్పులో గట్టిగా తేల్చారు: ఒరిజినల్ ఫోనో లాప్‌టాపో తెచ్చి దాని ఓనరే బోనెక్కి చెబితే సర్టిఫికెట్ అక్కర్లేదు, కాపీ అయితే తప్పనిసరి. కానీ అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. విచారణ పూర్తయ్యేలోపు తగిన కేసుల్లో సర్టిఫికెట్ తర్వాతైనా తెప్పించుకోవచ్చు. అంటే మీరు సర్టిఫికెట్ లేదని వాదిస్తే పీపీ గారు ఇంకో వాయిదాలో తెచ్చి పెడతారు. అక్కడితో మీ వాదన అయిపోతుంది.

మీ కేసుకి పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ వస్తుంది. అందులో సర్టిఫికెట్ రెండు భాగాలు, పార్ట్ ఏ రికార్డు ఇచ్చేవాళ్లది, పార్ట్ బి ఎక్స్‌పర్టుది. రెండింట్లోనూ హాష్ వాల్యూ (ఫైల్లోని డేటా నుంచి లెక్కగట్టే కోడు, ఫైలు కొంచెం మారినా ఇదీ మారిపోతుంది) రాయాలి, ఏ పద్ధతిలో తీశారో (ఎస్‌హెచ్‌ఏ1, ఎస్‌హెచ్‌ఏ256, ఎండీ5, మరొకటి) టిక్ పెట్టాలి. నేను చూసిన ఫైళ్లలో ఈ గడి ఖాళీగా ఉన్నవి ఉన్నాయి, పార్ట్ ఏలో ఒక హాష్, పార్ట్ బిలో వేరే హాష్ ఉన్నవి కూడా ఉన్నాయి. కాబట్టి మీ ఫారాన్ని అక్షరం అక్షరం చదవండి.

అసలు విషయం ఏంటంటే సర్టిఫికెట్ వల్ల రికార్డు ఎగ్జిబిట్‌గా మార్క్ అవుతుంది, అంతే. అందులో ఉన్నది నిజమా కాదా, ఎంత బరువు ఇవ్వాలి అనేది వేరే ప్రశ్న, దానికి ఎక్స్‌పర్టుని బోనెక్కించాలి. ప్రభుత్వ ల్యాబ్ రిపోర్టుని బీఎన్ఎస్ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 329 కింద ఎక్స్‌పర్టుని పిలవకుండానే సాక్ష్యంగా వాడుకోవచ్చు, పిలిపించమని మీరు అడగాలి. అడగకపోతే ఆ ప్రింటవుట్ కట్ట ఒక్కటే కోర్టులో మాట్లాడుతుంది.

టెక్నికల్ భాగం నాకంటే ల్యాబ్‌లో పనిచేసినవాళ్లు చెబితే బాగుంటుంది.

ల్యాబ్_మనిషి

చెబుతాను. డిజిటల్ ఫోరెన్సిక్స్‌లో చాలా ఏళ్లు పనిచేశాను, ఇప్పుడు బయట కన్సల్టెంట్‌గా ఉన్నాను.

మీరు పెట్టిన లైన్లో టైమ్ పక్కన యూటీసీ+0 అని ఉంది చూశారా, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అది గ్రీన్విచ్ వైపు టైమ్. మన టైమ్ దానికి ఐదున్నర గంటలు ముందుంటుంది. 19:40:12కి 5:30 కలపండి. మార్చి 13, తెల్లవారుజామున 1:10:12 అవుతుంది. అంటే ఆ మెసేజ్ 12వ తేదీ రాత్రి 7:40కి పోలేదు, ఏటీఎంలో డబ్బు తీసిన దాదాపు ఆరు గంటల తర్వాత పోయింది. బ్యాంకువాళ్ల ఏటీఎం టైమ్ మాత్రం ఇండియా టైమే. రెండు వేర్వేరు గడియారాల టైములు పక్కపక్కన పెట్టి "20 నిమిషాలకు" అని ఛార్జిషీటు రాశారు.

ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పేం లేదు, అది నిజాయితీగా యూటీసీ+0 అని పక్కనే రాసింది. కేసు ఓపెన్ చేసేటప్పుడు టైమ్‌జోన్ మార్చుకునే సెట్టింగ్ ఉంటుంది, మారిస్తే ప్రతి లైన్లో యూటీసీ+5:30 అని వస్తుంది. ఇక్కడ ఎవరూ మార్చలేదు. తర్వాత ప్రింటవుట్లోంచి ఛార్జిషీటులోకి ఎక్కించినవాళ్లు అంకెలు మాత్రం తీసుకుని పక్కనున్నది వదిలేశారు. ఇలాంటిది నేను చాలా చూశాను. సాఫ్ట్‌వేర్ చెప్పింది అని మనం అనేవాటిలో సగం, సాఫ్ట్‌వేర్ చెప్పినదాన్ని ఒక మనిషి అర్థం చేసుకున్న తీరు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. దీంతో ప్రాసిక్యూషన్ కథలో ఆ 20 నిమిషాల లంకె తెగుతుంది, నిజమే. కానీ మీ క్లయింటు షిఫ్టు పదికి అయిపోయింది కదా, తెల్లవారుజామున ఒంటిగంటకు ఫోన్ అతని దగ్గరే ఉండి ఉంటుంది. ఆ టైములో ఆ మెసేజ్ ఎందుకు పెట్టాడో ముందు అతన్ని కూర్చోబెట్టి అడగండి, తర్వాతే పిటిషన్ వేయండి. ఒక విషయం ఒకవైపు మాత్రమే కోస్తుందనుకోవద్దు.

ఇక డిలీటెడ్ యెస్ సంగతి. ఆండ్రాయిడ్ ఫోన్లో వాట్సాప్ మెసేజ్‌లు ఎంఎస్‌జీస్టోర్ అనే డేటాబేస్ ఫైల్లో ఉంటాయి. అందులో ఒక లైను తీసేసినా, ఆ జాగాలో కొత్తది రాసేదాకా పాత అక్షరాలు అలాగే ఉండొచ్చు, పక్కనుండే తాత్కాలిక ఫైల్లో కూడా మిగిలి ఉండొచ్చు. సాఫ్ట్‌వేర్ వాటిని ఏరుకొచ్చి డిలీటెడ్ అని గుర్తు పెడుతుంది. ఎవరు డిలీట్ చేశారు, ఎప్పుడు చేశారు, వేలితో నొక్కి చేశారా లేక డిసపియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉండి దానంతటదే పోయిందా, ఇవేవీ ఆ యెస్ చెప్పదు. ఒక్కోసారి ఏరుకొచ్చిన ముక్కలో టైమ్ ఒక మెసేజ్‌ది, మాటలు ఇంకో మెసేజ్‌వి కలిసిపోయి రావడం కూడా ఉంటుంది. అందుకే తిరిగి తెచ్చిన మెసేజ్‌ని డేటాబేస్‌లో ఆ చోటు తెరిచి కంటితో చూడాలి. టైమ్ అక్కడ 13 అంకెల సంఖ్యగా ఉంటుంది, 1970 జనవరి 1 నుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో ఆ లెక్క. పక్కన ఫ్రమ్‌_మీ అనే కాలమ్ ఉంటుంది, 1 అంటే ఈ అకౌంటు నుంచి పోయింది, 0 అంటే వచ్చింది. గమనించండి, ఈ అకౌంటు నుంచి అన్నాను, ఈ మనిషి అనలేదు. వాట్సాప్ వెబ్‌లో ఇంకో కంప్యూటర్లో లాగిన్ అయి పంపినా అక్కడ 1 అనే ఉంటుంది.

గుంటూరు_జూనియర్

సర్, చదివాక కాసేపు ఏం రాయాలో తోచలేదు. ఆ బ్రాకెట్లో ఉన్నది మా ఆఫీసులో ఎవరం చూడలేదు, ఐఓ (దర్యాప్తు అధికారి) చూడలేదు, రిమాండ్ రిపోర్టులో కూడా 7:40 అనే ఉంది. క్లయింటుతో ముందు మాట్లాడతాను, మీరు చెప్పింది నిజం. ఇంకొకటి, ల్యాబ్ రిపోర్టులో సాఫ్ట్‌వేర్ పేరు ఉంది గానీ వర్షన్ లేదు. అది పెద్ద విషయమా? ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ అయినా కోర్టు ఒప్పుకుంటుందా, ప్రభుత్వం ఆమోదించిన లిస్టు ఏదైనా ఉందా?

ల్యాబ్_మనిషి

సాఫ్ట్‌వేర్ పేరు చూసి సాక్ష్యం తీసుకోవాలనో వద్దనో సాక్ష్య చట్టం చెప్పదు. ఐటీ చట్టం 79ఏ కింద కేంద్రం ల్యాబ్‌లను ఎగ్జామినర్ ఆఫ్ ఎలక్ట్రానిక్ ఎవిడెన్స్‌గా నోటిఫై చేస్తుంది, అది ల్యాబ్‌కి, సాఫ్ట్‌వేర్‌కి కాదు. హార్డ్‌డిస్కులకు ఎన్‌కేస్, ఎఫ్‌టీకే, ఉచితంగా దొరికే ఆటోప్సీ, మన సీడాక్ తిరువనంతపురం వాళ్ల సైబర్‌చెక్ ఉన్నాయి. ఫోన్లకు సెలెబ్రైట్, ఆక్సిజన్, ఎంఎస్‌ఏబీ వాళ్ల ఎక్స్‌ఆర్‌వై. ఏదైనా చేసే పనులు రెండే. ఒకటి డేటాను బయటికి తీయడం, రెండు ఆ డేటాను చదివి మనిషికి అర్థమయ్యే వరసలో పెట్టడం. తప్పులు ఎక్కువ జరిగేది రెండోదాన్లో. వాట్సాప్ తన డేటాబేస్ నిర్మాణం మార్చిందనుకోండి, సాఫ్ట్‌వేర్ పాత వర్షన్ అయితే కొత్త నిర్మాణాన్ని పాత పద్ధతిలో చదువుతుంది, కొన్ని మెసేజ్‌లు అసలు కనపడవు, కొన్నింటి వివరాలు తారుమారు. అందుకే వర్షన్ తప్పకుండా అడగాలి.

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ 2011లో అమెరికా ఫ్లోరిడాలో కేసీ ఆంథోనీ కేసు. రెండేళ్ల కూతుర్ని చంపిందని తల్లి మీద హత్య కేసు. ఇంటి కంప్యూటర్లో క్లోరోఫామ్ గురించిన పేజీని 84 సార్లు చూశారని క్యాష్‌బ్యాక్ అనే సాఫ్ట్‌వేర్ రిపోర్టు ఇచ్చింది, ప్రాసిక్యూషన్ దాన్ని జ్యూరీ ముందు బలంగా పెట్టింది. అదే బ్రౌజర్ హిస్టరీ మీద నెట్‌అనాలిసిస్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ ఇచ్చిన లెక్క ఒకే ఒక్కసారి. ఆ 84 మైస్పేస్ పేజీకి చెందినది, ఫైర్‌ఫాక్స్ హిస్టరీ ఫైలు చదవడంలో తేడా వల్ల క్లోరోఫామ్ పేజీ పక్కకి వచ్చి చేరింది. సాఫ్ట్‌వేర్ తయారు చేసిన మనిషే సాక్ష్యం చెప్పాక మళ్లీ సరిచూసుకుని, తప్పు కనిపెట్టి అధికారులకు తెలియజేశాడు. జ్యూరీ ఆమెను హత్య ఆరోపణ నుంచి విడుదల చేసింది. ఆ అంకె వల్లే అలా అయిందని నేననను. కానీ ఒకే ఫైలు, రెండు సాఫ్ట్‌వేర్లు, 84కి 1కి మధ్య తేడా. ముఖ్యమైన ప్రతి సాక్ష్యాన్ని రెండో టూల్‌తోనూ, వీలైతే చేత్తోనూ సరిచూడాలని మేం పట్టుబట్టేది ఇందుకే.

స్టేషన్_ఎస్సై

నేను తెలంగాణలో ఎస్సైని, ఎక్కడని చెప్పను. పై మాటలు కాదనను గానీ మా వైపు నుంచి కూడా కొంచెం వినండి.

ఫోన్ సీజ్ చేసేటప్పుడు మా ముందుండే సమస్యలు ల్యాబ్‌లో కూర్చున్నవాళ్లకి కనపడవు. ఫోన్ ఆన్‌లో ఉంటే దూరం నుంచి ఎవరైనా వైప్ కొట్టి డేటా మొత్తం చెరిపేయొచ్చు, ఆఫ్ చేస్తే మళ్లీ ఆన్ చేశాక పాస్‌వర్డ్ లేనిదే చాలా డేటా తెరుచుకోదు. అందుకే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, సిగ్నల్ అందని బ్యాగులో వేసి, మధ్యవర్తుల ముందు సీల్ చేసి పంపాలని ట్రైనింగ్‌లో చెప్పారు. చెప్పడం బాగుంది, రాత్రి రెండింటికి రెయిడ్‌లో ఆరు ఫోన్లు దొరికితే ఆరింటికీ బ్యాగులుండవు. ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 105 ప్రకారం సెర్చి, సీజ్ అంతా వీడియో తీయాలి, తీస్తున్నాం. ఏడేళ్లు, అంతకు పైబడి శిక్ష పడే కేసుల్లో ఫోరెన్సిక్ వాళ్లు స్పాట్‌కి రావాలని 176(3) చెబుతోంది, మంచిదే, కానీ మనుషులు చాలాలి కదా.

డిఫెన్స్ వాళ్లు ప్రతిదానికీ సాఫ్ట్‌వేర్ తప్పు, హాష్ తప్పు అనడం మొదలుపెడితే నిజంగా డబ్బు పోగొట్టుకున్న మనిషి ఏం కావాలి? కూతురి పెళ్లికి దాచుకున్నది మొత్తం ఇలాంటి ట్రేడింగ్ యాప్‌లో పోయి స్టేషన్‌కి వచ్చి కింద కూర్చుండిపోయినవాళ్లని నేను చూశాను. వాళ్లకి ఈ ఫోన్లలో ఉన్న మెసేజ్‌లు తప్ప వేరే సాక్ష్యం లేదు. గుంటూరు తమ్ముడి కేసులో టైమ్ తప్పు రాసి ఉంటే అది ఐఓ సరిదిద్దుకోవాలి, ఒప్పుకుంటాను. కానీ ఖాతా అతనిది, డబ్బు వచ్చింది అందులోకి, మెసేజ్ పోయింది అతని నంబరు నుంచి. టైమ్ మారినంత మాత్రాన అవి పోవు.

నాంపల్లి_అడ్వకేట్

ఎస్సై గారూ, మీరన్నది న్యాయమైన మాట. అందుకే మొదటి రోజు నుంచి పని సక్రమంగా జరిగితే బాధితుడికే ఎక్కువ లాభం అంటాను. సీజ్ చేసినప్పుడు సరిగ్గా చేసి, హాష్ రాసి, టైమ్‌జోన్ చూసుకుని ఉంటే మేం క్రాస్‌లో పట్టుకోవడానికి ఏం మిగలదు. రెండేళ్ల తర్వాత కోర్టులో బయటపడే తప్పు మొత్తం రిపోర్టు మీద అనుమానం పుట్టిస్తుంది, అందులో నిజమైన మెసేజ్‌లు కూడా దానితోపాటు కొట్టుకుపోతాయి.

కోపెన్‌హాగన్_తెలుగు

డెన్మార్క్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఈ థ్రెడ్ చూశాక ఇక్కడ 2019లో జరిగింది చెప్పాలనిపించింది, ఎందుకంటే అప్పుడు ఈ దేశంలో పెద్ద గొడవ అయింది.

నేరం జరిగినప్పుడు ఫోన్ ఏ టవర్ దగ్గర ఉందో టెలికాం కంపెనీల నుంచి ముడి డేటా తెప్పించుకుని, దాన్ని పోలీసులు ఒక సాఫ్ట్‌వేర్‌తో తమకి కావలసిన రూపంలోకి మార్చుకునేవాళ్లు. ఆ మార్పిడిలో కొంత డేటా రాలిపోతోందని తేలింది. తర్వాత ఇంకో లోపం బయటపడింది, కొన్ని ఫోన్లను వేరే టవర్‌కి ముడిపెట్టారని. 2012 నుంచి ఉన్న సుమారు 10,700 కేసులు మళ్లీ చూడాల్సి వచ్చింది. ఆగస్టులో దేశం మొత్తం మీద ప్రాసిక్యూటర్లు రెండు నెలలపాటు ఫోన్ లొకేషన్ డేటాను సాక్ష్యంగా వాడడం ఆపేశారు. విచారణ ఖైదీలుగా ఉన్న 32 మందిని వదిలేశారు. లోపం ఎటువైపు తప్పు చూపిందనేది అప్పటికి ఎవరికీ తెలియదు, అమాయకుడు లోపల ఉండొచ్చు, దోషి బయట ఉండొచ్చు. అసలు భయం అదే.

బ్రిటన్ పోస్టాఫీసుల కథ చాలామందికి తెలిసే ఉంటుంది. అది ఫోరెన్సిక్ సాఫ్ట్‌వేర్ కాదు, హొరైజన్ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్, కానీ కోర్టులో వాడుకున్నది అదే పద్ధతిలో. లెక్కలో తేడా చూపిస్తే పోస్టుమాస్టర్ దొంగ అన్నారు. కంప్యూటర్ సరిగ్గా పనిచేస్తోందని చూపించాలన్న పాత నిబంధనను అక్కడ 1999లో తీసేశారు, ఆ తర్వాత కంప్యూటర్ తప్పని చూపించే భారం ఆచరణలో ముద్దాయి మీదే పడింది. 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి, 2021లో అప్పీల్ కోర్టు ఒకేసారి 39 మంది శిక్షలు కొట్టేసింది, 2024లో ప్రత్యేక చట్టమే చేసి మిగతావాళ్లలో చాలామందివి రద్దు చేశారు. ఆ లోపల కొందరు చనిపోయారు కూడా. ప్రోగ్రామర్‌గా చెబుతున్నా, బగ్ లేని సాఫ్ట్‌వేర్ లేదు. దాన్ని బట్టే మనిషిని జైల్లో పెట్టే చోట, అవతలివాడికి దాన్ని పరీక్షించే అవకాశం ఇవ్వకపోవడం ఘోరం.

విజయనగరం_శ్రీను

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాకు అన్నదమ్ముల మధ్య ఆస్తి తగాదా, సివిల్ కేసు. మా అన్నయ్య వాట్సాప్‌లో "ఆ రెండెకరాలు నీదేరా" అని రాసిన మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను. ప్రింట్ తీసి వేస్తే సరిపోతుందా? ఫోన్ పాతదైపోయింది, మార్చేద్దామనుకుంటున్నా.

ల్యాబ్_మనిషి

శ్రీను గారూ, ఫోన్ మార్చకండి, రీసెట్ అసలు కొట్టకండి. స్క్రీన్‌షాట్ ఎవరైనా తయారు చేయొచ్చు, ఉచితంగా దొరికే యాప్‌లున్నాయి దానికి. అసలు మెసేజ్ ఆ ఫోన్లో ఉన్నంతవరకే మీ మాటకి బలం. ఫోన్ ఛార్జింగ్‌లో ఉంచి జాగ్రత్తగా పెట్టుకోండి, ఆ ఛాట్‌లో డిసపియరింగ్ మెసేజెస్ ఆన్‌లో లేదని చూసుకోండి, లాయరు గారికి ఫోనే చూపించండి. సర్టిఫికెట్‌లో పార్ట్ ఏ మీరే ఇవ్వాలి, పార్ట్ బికి ఎక్స్‌పర్టు కావాలి.

గుంటూరు_జూనియర్

క్లయింటుతో మాట్లాడాను. ఏం చెప్పాడన్నది ఇక్కడ రాయలేను, కానీ మాకు అసలు డేటా చూడాల్సిన అవసరం ఉందని మాత్రం తేలింది. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది పీడీఎఫ్ ఒక్కటే, ప్రింటవుట్‌లో ఉన్నదే మళ్లీ. ల్యాబ్ వాళ్లు తీసిన ఎక్స్‌ట్రాక్షన్ ఫైల్ మొత్తం మాకివ్వమని అడగొచ్చా? ఇచ్చినా తెరవడానికి లక్షల ఖరీదు సాఫ్ట్‌వేర్ మా దగ్గర ఎక్కడిది?

నాంపల్లి_అడ్వకేట్

అడగొచ్చు, అడగాలి. ప్రాసిక్యూషన్ ఆధారపడే డాక్యుమెంట్ల కాపీలు ముద్దాయికి ఇవ్వాలి, ఇప్పుడది బీఎన్ఎస్ఎస్ 230. మెమరీ కార్డులో ఉన్న విషయం డాక్యుమెంటేనని, మామూలుగా అయితే దాని క్లోన్ కాపీ ముద్దాయికి ఇవ్వాలని సుప్రీంకోర్టు 2019 నవంబరులో కేరళ నటిపై దాడి కేసులో చెప్పింది. ఆ కేసులో బాధితురాలి గోప్యత దృష్ట్యా కాపీ ఇవ్వకుండా చూసుకోవడానికి మాత్రం అనుమతించారు, అది సరైనదే. మీ కేసులో అలాంటి అడ్డంకి ఏమీ కనపడట్లేదు. ఇతరుల సొంత ఫోటోలు, ఛాట్‌లు ఉంటే వాటిని మినహాయించి ఇవ్వమని మీరే పిటిషన్లో రాయండి, జడ్జి గారికి ఇబ్బంది ఉండదు.

అదే కేసులో హాష్ విలువ ఏంటో కూడా తెలుస్తుంది. కోర్టు కస్టడీలో ఉన్న మెమరీ కార్డు హాష్ మారిందని ఎఫ్ఎస్ఎల్ పరీక్షలో బయటపడింది, అంటే సీల్ చేసి దాచిన కార్డుని ఎవరో ఎందులోనో పెట్టి తెరిచారు. బాధితురాలు పోరాడితే 2023 డిసెంబరులో కేరళ హైకోర్టు విచారణకి ఆదేశించింది. హాష్ లేకపోతే ఆ సంగతి ఎప్పటికీ బయటికి వచ్చేది కాదు. ఎస్సై గారూ, హాష్ అనేది ముద్దాయి తరఫు ఆయుధం అనుకోవద్దు, అక్కడ అది కాపాడింది బాధితురాల్ని.

ల్యాబ్_మనిషి

సాఫ్ట్‌వేర్ ఖర్చు గురించి భయపడకండి. సెలెబ్రైట్‌తో తీసి ఉంటే ల్యాబ్ వాళ్లు యూఎఫ్‌డీఆర్ అనే ఫైలుగా ఇవ్వగలరు, దాన్ని చూడటానికి రీడర్ ఉచితం. అందులో ప్రతి మెసేజ్ పక్కన అది ఏ ఫైల్లోంచి వచ్చిందో కూడా కనపడుతుంది, పీడీఎఫ్‌లో ఇదే పోతుంది. డేటాబేస్ ఫైల్ విడిగా ఇస్తే ఎస్‌క్యూలైట్ బ్రౌజర్ చాలు, అదీ ఉచితమే. కానీ మీరే తెరిచి మీరే నిర్ణయించుకోవద్దు, ఒక ప్రైవేటు ఎగ్జామినర్‌ని పెట్టుకోండి. అతను బోనెక్కి చెప్పగలగాలి. పని కాపీ మీదే చేయాలి, తెరిచే ముందు హాష్ తీసి రిపోర్టులో ఉన్నదానితో సరిపోయిందని రాసిపెట్టుకోవాలి.

హాష్ గురించి ఒక్కమాట, క్రాస్‌లో పొరపాటు పడకుండా. హార్డ్‌డిస్కు అయితే రైట్ బ్లాకర్ (డిస్కులో ఏమీ రాయకుండా ఆపే పరికరం) పెట్టి మొత్తం ఇమేజ్, అంటే అచ్చు కాపీ, తీస్తారు, ఎన్నిసార్లు తీసినా మామూలుగా అదే హాష్ రావాలి. ఫోన్ అలా కాదు. ఆన్ చేస్తేనే లోపల వందల ఫైళ్లు మారతాయి, కాబట్టి ఈ రోజు తీసిన ఎక్స్‌ట్రాక్షన్‌కి, రేపు తీసినదానికి హాష్ కలవదు. రిపోర్టులో ఉన్న ఎస్‌హెచ్‌ఏ256, ఆ 64 అక్షరాలు, ల్యాబ్ ఆ రోజు తీసిన ఫైలుకి చెందినవి, ఫోన్‌కి కాదు. "ఫోన్ హాష్ ఎందుకు కలవలేదు" అని అడిగితే ఎక్స్‌పర్టు తేలిగ్గా జవాబు చెప్పేస్తాడు, మీ మిగతా ప్రశ్నలు కూడా పల్చబడతాయి. అలాగే హాష్ కలిసిందంటే తీసిన తర్వాత ఎవరూ మార్చలేదని మాత్రమే అర్థం. సీజ్ చేసిన రోజు నుంచి ల్యాబ్‌కి వచ్చేదాకా ఫోన్ ఎక్కడుంది, ఎవరు ఆన్ చేశారు అన్నది హాష్ చెప్పదు, దానికి ప్రాపర్టీ రిజిస్టరు, సీల్ వివరాలు, ఫోన్లోనే ఉండే ఆన్ ఆఫ్ లాగ్‌లు చూడాలి. సీజ్ తేదీ తర్వాతి టైమ్‌తో ఏవైనా ఫైళ్లున్నాయేమో మీ ఎగ్జామినర్‌తో మొదట అదే వెతికించండి.

ఎక్స్‌పర్టు వచ్చినప్పుడు అడగాల్సినవి: ఏ వర్షన్ వాడారు, పైపైన తీసే లాజికల్ ఎక్స్‌ట్రాక్షనా, ఫైల్ సిస్టమ్ మొత్తం తీశారా, ఈ మెసేజ్‌ని సాఫ్ట్‌వేర్ చూపించింది కాక మీరు డేటాబేస్‌లో స్వయంగా చూశారా, రెండో టూల్‌తో సరిచూశారా, వర్క్‌షీట్లున్నాయా. నిజాయితీ గల ఎగ్జామినర్‌కి ఈ ప్రశ్నలంటే కోపం రాదు. టైమ్‌జోన్ ప్రశ్న మాత్రం ల్యాబ్ వాళ్లని వివరంగా అడగక్కర్లేదు, రిపోర్టులో ఉన్నది యూటీసీయే కదా అని ఒక్క మాట రికార్డు చేయించి వదిలేయండి. ఆ 7:40 ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాల్సింది ఐఓ.